లారీలు, జీపులు: వాని మేలెంచిన చరిత్ర



పశువును కొనుటలో మన పల్లెటూళ్ల పెద్దలకు ఒకరు నేర్పవలసినది లేదు. ఒంగోలు కోడెను సంతకు తోలుకొని వచ్చినచో పెదవి యెత్తి పండ్లు చూచెదరు. రెండు పండ్లా, నాలుగు పండ్లా, ఆరు పండ్లా, కడపండ్లు వచ్చినవా యని లెక్కించెదరు. మూపురము చూచెదరు, గిట్టలు తట్టెదరు, సుడులు వెదకెదరు, నాలుగడుగులు నడిపించి నడక చూచెదరు. గుర్రముల విషయమున శాలిహోత్రుని పేర సంస్కృతమున ఒక శాస్త్రమే వెలసినది. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువున రత్నములతోపాటు గుర్రములను, ఓడలను పరీక్షించు రీతులు చెప్పబడినవి. ధనమును ప్రాణమును దేనిమీద పెట్టుదుమో దానిని ముందుగా ఎరుగవలెనను బుద్ధి మనకు క్రొత్తది కాదు.

లారీకి పండ్లు లేవు. అది యెన్ని మైళ్లు తిరిగినదో చెప్పు మీటరు కలదు గాని, దానిని వెనుకకు త్రిప్పగల చేతులును కలవు. రంగు వేసినచో త్రుప్పు కనబడదు. ఇంజనునకు చిక్కని నూనె పోసినచో ఒక పూట చప్పుడు అణగును. నేడు మన గ్రామములలో రెండెకరముల పొలము తాకట్టు పెట్టి లారీ కొనువారును, పాత జీపు కొని టాక్సీగా త్రిప్పి సంసారమును ఈడ్చువారును ఎందరో కలరు. ఆ బండి ఆరు నెలలు షెడ్డులో పడియున్నచో బ్యాంకువాడు ఆరు నెలలు ఆగడు. కావున ఈ బండ్ల మేలెంచు విద్య ఎట్లు పుట్టినదో, ఎవరెవరికి ఎంతెంత నష్టము తెచ్చి పెరిగినదో నేడు మీకు విన్నవింప దలచినాను.

అట్టి పరీక్ష యొకటి ఇంగ్లాండున జరిగినది. 1914వ సంవత్సరపు మహాయుద్ధమునకు ముందే అచ్చటి యుద్ధశాఖవారు ఒక యోచన చేసిరి. యుద్ధము వచ్చినప్పుడు వేలకొలది లారీలు కావలెను. అది రానంతకాలము వానిని కొట్టములలో నిలిపి తుడుచుచుండుట దండుగ. అందుచే 1911-12 ప్రాంతమున వారు సబ్సిడీ పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. తాము వ్రాసియిచ్చిన లక్షణములు గలిగి, తాము పెట్టిన పరీక్షలో నెగ్గిన లారీని వర్తకుడెవడైన కొన్నచో అతనికి మూడేండ్లలో 110 ఇంగ్లీషు పౌనులు ముట్టజెప్పుదురు. అతడు బండిని చక్కగా కాపాడుకొని, యుద్ధము వచ్చిననాడు అప్పగింపవలెను. ఆ లక్షణముల పట్టికలో సొగసు మాట లేదు. కంపెనీ యేదైనను తోలువాని చేతికిని కాలికిని తగులు సాధనములు ఒకే తీరున అమరియుండవలెనని కలదు. ఒక బండి తోలినవాడు రెండవ బండిని తడుముకొనకుండ తోలవలెనని దాని యుద్దేశము. ఒక దొడ్డిలోని ఎద్దు ఏ కాడికైనను ఒదుగవలెనని మన రైతు కోరుట వంటిదే యిది.

ఆ పరీక్షలో నెగ్గిన కంపెనీలలో లేలండు ఒకటి. యుద్ధకాలమున ఆ కంపెనీ సైన్యమునకు ఇంచుమించు ఆరువేల బండ్లు ఇచ్చెను. వానిలో మిక్కిలి భాగము విమానదళమువారి సేవలో నుండెను. యుద్ధము 1918లో ముగిసెను. అటుపిమ్మట జరిగిన కథయే నా కెంతో యింపైనది.

యుద్ధము ముగియగానే ప్రభుత్వమువారు మిగిలిన బండ్లను వచ్చిన ధరకు అమ్మివేయ సాగిరి. బురదలో నానినవి, గుండ్లదెబ్బలు తిన్నవి, భాగములు ఊడినవి, అన్నియు బజారున పడెను. సైన్యమునుండి తిరిగివచ్చిన కుర్రవాండ్రు చేతనున్న కొద్ది సొమ్ముతో వానిని కొని బాడుగ వ్యాపారమునకు దిగిరి. బండి నడిరోడ్డున నిలిచిపోయినచో చూచువాడు ఏమనును? ప్రభుత్వమును తిట్టడు, యుద్ధమును తిట్టడు. మూతిమీద నున్న పేరు చదివి, 'లేలండు బండి యింతే' యనును. లేలండువారు దీనిని గ్రహించి, ఒక సాహసమునకు పూనుకొనిరి. తాము అమ్మిన బండ్లలో ఇంచుమించు మూడువేలు తామే తిరిగి కొనిరి. కింగ్‌స్టను అను చోట యుద్ధకాలమున విమానములు చేసిన సాప్‌విత్ కంపెనీవారి కర్మాగారము ఖాళీగా నుండగా దానిని తీసికొని, బండ్లను మరలతో సహా విప్పి, కడిగి, అరిగిన భాగములు మార్చి, క్రొత్తవానివలె కూర్చి, పూచీతో మరల అమ్మిరి.

ఇందుకు పట్టిన సొమ్ము సామాన్యము కాదు. పైగా 1921వ సంవత్సరమున ఇంగ్లాండులో వ్యాపారము మందగించెను. కంపెనీ భారీ నష్టమున మునిగెను, మూతపడునంత వరకు వచ్చెను. లెక్కలు మాత్రము చూచువాడు ఇది తెలివితక్కువ పని యనును. కాని ఆ బాగుచేసిన బండ్లు 1930 తరువాతను రోడ్లమీద తిరుగుచుండెను. కంపెనీ పేరు నిలిచెను. అమ్మిన పిమ్మట ముఖము చాటు చేయని వర్తకుని మన ఊళ్లలోను ఎరుగుదుము. అట్టివాడు పదిమందిలో ఒక్కడుండును. ఆ కంపెనీయే తరువాత మన దేశపు అశోక్ మోటార్సుతో చేయి కలిపెను. మద్రాసు చెంత ఎన్నూరున 1948లో ఆస్టిను కార్లు కూర్చుటకై వెలసిన ఆ సంస్థ 1955లో అశోక్ లేలండు ఆయెను. నెల్లూరు మీదుగా వడ్లు మోసిన ఆ లారీల వెనుక కింగ్‌స్టను కథ యున్నదని తోలువారికి తెలియదు.

ఇక జీపు విషయము. 1940వ సంవత్సరము జూలైలో అమెరికా సైన్యమువారు 135 కంపెనీలకు జాబులు వ్రాసిరి. నాలుగు చక్రములును ఇంజను బలముతో తిరుగు చిన్న బండి కావలెను. బరువు 590 కిలోలకు మించరాదు. మొదటి నమూనా 49 దినములలో తేవలెను. ఈ మాటలు విని నవ్వుకొన్నవారే ఎక్కువ. ముందుకు వచ్చినవి రెండే కంపెనీలు: బాంటము, విల్లీసు. గడువును ఒప్పుకొన్నది బాంటము మాత్రమే. దివాలా అంచున నున్న ఆ చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్స్ట్ అను ఇంజనీరును పిలిపించెను. అతడు కొలది దినములలో నమూనా గీసెను. 1940 సెప్టెంబరు 23వ తేదీన, గడువు ముగియుటకు కొంచెము ముందుగా, బండి హోలబర్డు శిబిరమును చేరెను.

అచ్చటి పరీక్షకులు చేసినది యేమి? బండిని విరుగగొట్ట జూచిరి. ఇసుకలోను, బురదలోను, మోడుల మీదను వేల మైళ్లు తోలిరి. ఎచ్చట ఏది విరిగినదో వ్రాసికొనిరి. మంచి త్రోవలో మంచిగా నడచుట పరీక్ష కాదు, చెడుటకు ఎంత కాలము పట్టునో చూచుటయే పరీక్ష యని వారి తలంపు. కోడెను బండకు కట్టి లాగించు మన పందెము కూడ ఈ జాతి పరీక్షయే.

బరువు విషయమున సైన్యమువారు కోరినది అసాధ్యమని త్వరలోనే తేలెను. పరిమితిని 980 కిలోలకు పెంచిరి. విల్లీసు బండి దానికిని మించి తూగెను. అప్పుడు ఆ కంపెనీ ప్రధాన ఇంజనీరు రూస్ అనునతనికి రెండు త్రోవలు కనబడెను. ఇంజనును తేలిక చేయుట ఒకటి, తక్కిన బండినంతను తేలిక చేయుట రెండవది. అతడు ఇంజనును ముట్టలేదు. బండిని విప్పించి, పొడవైన మరలను కోయించి, అనవసరమైన ఇనుమును తీయించి, రంగు కూడ ఒక్క పూతకే పరిమితము చేయించెను. ఆ యింజను విషయమున అతని పట్టుదలకు కారణము కలదు. మొదట 48 అశ్వశక్తుల దగ్గర ఆయాసపడుచుండిన దానిని అతడు రెండేండ్లు శ్రమించి 60 అశ్వశక్తులకు తెచ్చెను. పూర్తి వేగమున 150 గంటలు ఆపకుండ త్రిప్పినను చెడకుండునట్లు సరిదిద్దెను. సైన్యమునకు నచ్చినది ఆ బలమే. యుద్ధము ముగియునప్పటికి విల్లీసు, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరులక్షలకు పైగా జీపులు చేసెను. అందరికంటె ముందు నమూనా తెచ్చిన బాంటమునకు రెండువేల ఏడువందలకు లోపుగనే జీపులు చేయు భాగ్యము దక్కినది. పిమ్మట అది జీపుల వెనుక కట్టు తోకబండ్లు చేయుచు కాలము గడపెను. విత్తినవాడొకడు, కోసినవాడొకడు.

జీపు మన దేశమునకు వచ్చిన కథలో ఒక చేదు ఘట్టము కలదు. 1948లో కాశ్మీరమున యుద్ధము జరుగుచుండెను. కొండ త్రోవలకు జీపులు తక్షణము కావలసి, లండనులోని మన హైకమిషనరు ద్వారా ఒక విదేశపు సంస్థతో ఒడంబడిక జరిగెను. అవి క్రొత్తవి కావు, యుద్ధములో వాడి పిమ్మట బాగుచేసిన జీపులు. సంఖ్య రెండువేలు. సొమ్ము ఇంచుమించు 80 లక్షల రూపాయలు. అందు పెద్దభాగము ముందుగనే చెల్లింపబడెను. వచ్చిన జీపులు 155 మాత్రమే. వానిని చూచిన సైన్యమువారు అవి పనికిరావనిరి. పార్లమెంటున పెద్ద గలభా జరిగెను. మన చిత్తూరు సీమకు చెందిన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగా నున్న విచారణ సంఘము న్యాయవిచారణ జరుపవలెనని సూచించెను. ప్రభుత్వమువారు దానిని పాటింపక, 1955 సెప్టెంబరు 30వ తేదీన ఆ విషయము ముగిసినదని ప్రకటించిరి. తప్పెవరిదను వాదము నేను తీర్చువాడను కాను. జీపు మంచి బండియే. కింగ్‌స్టనున మరమ్మతు చేసినవారు తమ పేరు నిలుపుకొనవలసినవారు. ఇచ్చట అమ్మినవారికి నిలుపుకొనవలసిన పేరేదియు లేదు. బాగుచేసిన బండి యన్నప్పుడు ఎవరు బాగుచేసిరని అడుగకుండ సొమ్ము ముందుగా చెల్లించుట ఆ నష్టమునకు మూలము.

ఆ జీపునే మహీంద్రావారు 1947 మొదలుకొని బొంబాయిలో కూర్చి అమ్మ సాగిరి. అదియే కాలక్రమమున మన తాలూకా కచేరీలకును, ఏజెన్సీ అడవులకును పరిచితమైన బండి. టాటావారు 1954లో జర్మనీదేశపు డైమ్లర్ బెంజి కంపెనీతో పదునైదేండ్ల ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరున డీజిలు లారీలు చేయ నారంభించిరి. 1969లో ఒడంబడిక ముగియగా లారీ మూతిమీది నక్షత్రము పోయి టాటావారి గుర్తు వచ్చెను. ఆ లారీ ప్రపంచములోకెల్ల మేలైన లారీ యని నేననను. దానికి చల్లని గాలి లేదు, మెత్తని పీట లేదు. కాని అర్ధరాత్రి మార్కాపురము దాటి నిలిచిపోయినను దాని లోపల ఏమున్నదో తెలిసిన మేస్త్రీ దొరకెడివాడు, కావలసిన భాగము తెల్లవారునప్పటికి బస్సుమీద వచ్చెడిది. విజయవాడ ఆటోనగరములో పలుగు పట్టిన కుర్రవాండ్రు ఆ ఇంజనును కండ్లు మూసికొని విప్పగలిగిరి. లారీ విలువలో ఇది సగపాలని నా నమ్మకము.

దీనికి ఎదురు సాక్ష్యము 1980 తరువాతి చరిత్రలో కలదు. ఆ దశాబ్దమున జపానుదేశపు కంపెనీల సాయముతో నాలుగు చిన్నలారీలు మన బజారునకు వచ్చెను: డి.సి.ఎం. టయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషరు మిత్సుబిషి, మన హైదరాబాదు ఆల్విను కంపెనీవారి ఆల్విన్ నిస్సాను. జపాను పనివాడితనమునకు వంక పెట్టువాడు లేడు. అయినను నాలుగింటికిని ఒకే గతి పట్టలేదు. జహీరాబాదున చేయబడిన ఆల్విన్ నిస్సాను 1989లో మహీంద్రావారి చేతికి పోయెను. డి.సి.ఎం. టయోటా 1990 తరువాత కొరియాదేశపు డేవూ చేతికి పోయి, లారీలు విడిచి కార్లకు మరలెను. ఐషరు, స్వరాజ్ బండ్లు నిలిచెను. కొన్ననాడు నాలుగును సమానముగనే మెరసియుండును. పదేండ్ల పిమ్మట గేరుపెట్టెలోని పండ్లచక్రమునకై తిరిగినవానికే భేదము తెలిసియుండును.

ఇక నేటి ఎస్.యు.వి. బండ్లు. ఇవి జీపునకు మనుమలు. 1948లో ఇంగ్లాండున లాండ్ రోవరు, 1970లో రేంజ్ రోవరు, 1984లో అమెరికాలో చెరోకీ, ఇట్లు సైనికుని బండి దొరల బండి ఆయెను. మన దేశమున 1991లో సియెర్రా, 1994లో సుమో, 2000లో బొలెరో, 2002లో స్కార్పియో వచ్చెను. పేరొక్కటే గాని జాతులు రెండు. లారీవలె ఇనుప దూలముల చట్రముమీద పెట్టె నిలిపినవి కొన్ని. చట్రము వేరుగా లేక పెట్టెయే బలముగా చేయబడినవి కొన్ని. మొదటిది చెడుత్రోవకును బరువునకును ఓర్చును. రెండవది మంచిరోడ్డున హాయిగా పోవును, నూనె తక్కువ త్రాగును. ఎత్తుగా నున్నంతమాత్రమున రెండును ఒకటే యనుకొని, రాళ్లు మోయుటకు రెండవజాతి దానిని కొన్నచో తప్పు బండిది కాదు.

ఎత్తైన బండిలో కూర్చున్నవానికి క్షేమముగా నున్నట్లు తోచును. ఈ భ్రమను తొలగించిన ఘోరము అమెరికాలో 2000వ సంవత్సరమున బయలుపడెను. ఫోర్డువారి ఎక్స్‌ప్లోరరు అప్పుడు ఆ దేశమున ఆ జాతిలో మిక్కిలి అమ్ముడుపోవుచుండిన బండి. దానికి ఫైర్‌స్టోను టైర్లు అమర్చెడివారు. వేడి ఎక్కువగా నుండు అరిజోనా, టెక్సాసు, ఫ్లారిడా రాష్ట్రములలో వేగముగా పోవునప్పుడు టైరు పైపొర ఊడి, బండ్లు పల్టీలు కొట్ట సాగెను. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచిరి. ఆ ప్రమాదములలో 270 మందికి పైగా మరణించిరని అచ్చటి ప్రభుత్వశాఖ లెక్క తేల్చెను. టైరువారు బండి దోషమనిరి, బండివారు టైరు దోషమనిరి. అందొక చిన్న విషయము కలదు. ఫోర్డువారు ఆ టైర్లలో గాలి 26 పౌనులు చాలునని కాగితముపై వ్రాసిరి. ఫైర్‌స్టోనువారు తరువాత 30 ఉండవలెననిరి. గాలి తగ్గినచో టైరు వంగి వంగి వేడెక్కును, వేడెక్కినచో పొర విడును. ఎత్తైన బండి అదుపు తప్పినచో పొట్టిబండి కంటె సులువుగా బోర్లపడును. ఇన్ని సంగతులు ఒకచోట కలిసి ఇండ్లు కూల్చెను. ఇంచుమించు నూరేండ్ల స్నేహము గల ఆ రెండు కంపెనీలు 2001లో విడిపోయెను. రెంటచింతల యెండలో పదిమందిని ఎక్కించుకొని, గాలి చూడని టైర్లతో మాచర్ల రోడ్డున పరుగెత్తు బండ్లను చూచినప్పుడెల్ల నాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చును.

మన ప్రభుత్వమువారు 2023 అక్టోబరు మొదలు భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షను నెలకొల్పిరి. బండిని గోడకు గుద్దించి, లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బలు కొలిచి, నక్షత్రము లిత్తురు. ఇది మిక్కిలి మెచ్చదగిన పని. అయితే ఆ నక్షత్రములు గుద్దుకొన్ననాటి క్షేమమును చెప్పునేగాని, పదేండ్ల మన్నికను చెప్పవు. మన్నికను తెలిసికొన గోరువాడు అదే బండిని అయిదేండ్లుగా వాడుచున్నవానిని, అందును రెండవ చేతిగా కొన్నవానిని అడుగవలెను. మొదట కొన్నవాడు తన యెంపికను పొగడుకొనును. రెండవవాడు నిజము చెప్పును. ఆ బండిని బాగుచేయు మేస్త్రీ ఎంత దూరమున నున్నాడో, క్లచ్చిపళ్లెము ధర యెంతో కనుగొనవలెను. తెల్లవారుజామున ఇంజను చల్లగా నున్నప్పుడే పోయి, అమ్మువాని చేత కాక తానే త్రిప్పి చూడవలెను. వేడి ఇంజను అబద్ధమాడును.

నాచేత చదువుకొన్న కుర్రవాడొకడు కొన్నేండ్ల క్రిందట టాక్సీకై పాత ఎస్.యు.వి. బండిని బేరమాడుచు, 'మాస్టారూ, మీరొకసారి చూడుడు' అని నన్ను వెంటబెట్టుకొని పోయెను. నాకు ఇంజను తెలియదు. అందుచే మా ఊరి మేస్త్రీని కూడ ఎక్కించుకొంటిమి. అమ్మువాడు పట్నపు దళారి. బండి పెండ్లికొడుకువలె మెరయుచుండెను. మీటరు 60,000 కిలోమీటర్లు చూపుచుండెను. మేస్త్రీ ఇంజను జోలికి పోకముందే వంగి, తోలువాని కాలిక్రింది బ్రేకు పెడలును చూచెను. దానిపై రబ్బరు అరిగి ఇనుము తేలియుండెను. 'అరువది వేలకు ఇంత అరగదు, పంతులుగారూ' అనెను. పిమ్మట ఆ కంపెనీవారి సర్వీసు కేంద్రమునకు పోయి, చాసిసు సంఖ్య చెప్పి పాత దాఖలాలు అడిగించితిమి. రెండేండ్ల క్రిందటనే బండి 1,80,000 దాటినట్లు అచ్చట వ్రాయబడియుండెను. కుర్రవాడు బయానా యీయక తిరిగి వచ్చెను. ఆ బండి మరునెలలో వేరొక ఊరివానికి అమ్ముడుపోయినదని వింటిమి. అప్పటికి పెడలునకు క్రొత్త రబ్బరు వేసిరట, మీటరు 55,000 చూపుచుండెనట.